అక్క ముందు పరిచిన బొమ్మలు

మంచం మీద నేను పరిచిన బొమ్మల కార్డులన్నీ అక్క ఎడమ చేత్తో పోగు చేసి కూతురు బడికి తీసుకెళ్ళే బ్యాగులో కుక్కింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. కూతుర్ని వెళ్ళిరమ్మందో, ఇక విసిగించకండి అందో నాకు అర్థం కాలేదు.

పక్షవాతం వచ్చి అక్కకి మాట పడిపోయింది. కుడి చెయ్యి లేవదు. "ఊఁ" ఒక్కటే మిగిలింది. మా మేనకోడలు చోడవరం నుంచి రోజూ బస్సులో అనకాపల్లి వెళ్ళి బడిలో పాఠాలు చెప్పేది. ఇప్పుడు సెలవు పెట్టి తల్లి దగ్గరే ఉంది. పగలు మధ్యమధ్య వచ్చి చూస్తానని పక్కింటావిడ అంది. ఆవిడ అడిగినదానికి అక్క అవుననో కాదనో చెప్పగలిగితే చాలు, పిల్ల ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే మానుకోవాలి.

ఇంట్లో రోజూ వాడే మాటలకి బొమ్మలు గీసి చూపించమని విశాఖపట్నంలో మాట నేర్పే డాక్టరమ్మ చెప్పింది. పేపర్లో వార్తలు దిద్దినవాణ్ణని ఆ పని నాకిచ్చారు. "విద్యుత్తు", "దీపం" అని రాసి బొమ్మలు వేశాను. మేనకోడలు చూసి నవ్వింది.

"ఏటి మావయ్యా, ఇదేటి పేపరా? మనింట్లో విద్యుత్తని ఎవులంతారు? కరెంటు, లైటు, గేసు, సీజను... అమ్మకి తెల్సినవి ఇయ్యే."

నిజమే. తిరగరాశాను. చిక్కు అక్కడే మొదలైంది. గ్యాస్ అంటే సిలిండరు గీయాలా, పొట్ట పట్టుకున్న మనిషినా? సీజన్ అంటే చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజులా, ఇంటిల్లిపాదీ దగ్గే రోజులా? వార్తలో ఒక మాటకి ఒకే అర్థం ఉండాలని నాకు నేర్పారు. ఇంట్లో అలా ఎవరూ మాట్లాడరు. చివరికి మాటకి రెండేసి బొమ్మలు వేశాను.

"గేసా?" అని అడిగితే అక్క సిలిండరుకీ ఊఁ అంది, పొట్టకీ ఊఁ అంది. "లైటా?" అంటే బల్బుకీ, పలచటి లైటు టీకీ కూడా అంతే. తప్పనడానికి లేదు. కానీ తెలిసి అంటోందా, మా మొహాలు చూసి అంటోందా?

మేనకోడలికి విసుగొచ్చింది. "బొమ్మలొగ్గెయ్ మావయ్యా," అని నేరుగా తల్లినే అడిగింది. "అమ్మా, నేను డూటీకెల్లిపోనా?"

ఈసారి అక్క ఊఁ అనలేదు. అప్పుడే కార్డులు పోగు చేసింది.

"ఎల్లమందంతావా?" మేనకోడలు గుసగుసగా అంది.

"నన్నడిగితే నేనేటి సెప్పనే?"

"ఊరందరి మాటలూ పేపర్లో రాసీవోడివి. తోడబుట్టినదాని మాట తెలీదేటి?"

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మనిషిని చూడకుండా ఏమీ చెప్పలేనంది. ఆమె వచ్చే వారం చివరికి గానీ దొరకదు. సెలవు సోమవారంతో అయిపోతుంది. వస్తున్నానని గానీ, ఇంకొన్నాళ్ళు ఆగమని గానీ మేనకోడలు ఇంకా బడికి చెప్పలేదు.