పైలట్ ఎక్కిన ఓడ

పెళ్లయి నేను విశాఖపట్నం వచ్చేసరికే, నా మొగుడు విమానం నడుపుతాడని మా ఊళ్లో పుకారు. పైలట్ లాంచీలో పని అనాల్సింది, పైలట్ అని మా అమ్మ సగమే చెప్పింది మరి. నిజానికి ఆయన ఆ లాంచీ నడిపే సరంగు. ఓడను రేవులోకి దారి చూపించి తెచ్చే పైలట్‌ను సముద్రంలోకి తీసుకెళ్లి, ఓడ ఎక్కించి రావడం ఆయన పని.

ఎనభైల మొదట్లో మాది వన్‌టౌన్ కొండవాలు మీద ఒక్క గది. పలకరించే మనిషి లేదు. ఏం తోచక పైలట్ అన్న ఆ ఒక్క మాటనే పట్టుకు కూర్చునేదాన్ని. మంత్రిగారి కారు ముందు పరిగెత్తే జీపూ పైలటే, పెద్దవాళ్ల రైలుకు ముందు పట్టాలు చూసుకుంటూ పోయే ఒంటి ఇంజనూ పైలటే. లైబ్రరీలో నిఘంటువు తిరగేస్తే, మూలం గ్రీకుల తెడ్డు అని ఉంది. పడవ వెనక చుక్కానిగా వాడే తెడ్డట. అంటే నీళ్ల మీద పుట్టిన మాటను విమానాల వాళ్లు ఎత్తుకుపోయారన్నమాట! ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని భలే ఉబలాటంగా ఉండేది. ఎవరున్నారు గనక?

నాకు కావలసింది ఒక్కటే, రోజుకో పూటైనా ఆయనతో కలిసి అన్నం తినడం. ఆ డ్యూటీకి వేళాపాళా లేదు. పైలట్ ఎక్కిన ఓడ మీద తెలుపూ ఎరుపూ జెండా ఎగరేస్తారని ఆయన ఓసారి అన్నాడు. అప్పట్నుంచీ మా గుమ్మంలోంచి జెండా కనపడగానే ఎసరు పెట్టేదాన్ని. పైలట్ ఓడెక్కాడంటే ఇక ఈయన ఇంటికే కదా. చాలాసార్లు అన్నం చల్లారేది, మనిషి రాడు. నాకు ఒళ్లు మండేది. రేవులో కబుర్లాడుతున్నాడని తిట్టుకుంటూ ఆకలితో కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అడిగేశాను. "జెండా సూసి ఎసరెడతన్నాను. మీరేటి రారు?"

"ఎల్లిపోయే ఓడకీ అదే జెండా ఎగరేత్తారే," అన్నాడు చెప్పులు విప్పుతూ. "సముద్రంలో పైలట్‌ని దింపుకు తేవాల గదా. ఎనకాలే నానూ ఎల్లాల."

పెంకుల కప్పుల మీదుగా జెండా మాత్రమే కనపడేది. అది ఎటు కదులుతోందో చూసేంత నిదానం నాకేది? ఇన్నాళ్లూ ఆయన బయటికి వెళ్లిపోతుంటే నేను పొయ్యి వెలిగించుకున్నాను. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే అడిగాను, లాంచీలోంచి మన గది కనపడుతుందా అని.

"కొండ కనపడతాది," అన్నాడు. "మనిల్లేదో ఎప్పుడూ సూడనేదు."

ఆయన తప్పేం లేదు, సరంగు కళ్లు నీళ్ల మీదే ఉండాలి. అయినా నాకు ఏడుపొచ్చింది. లోపలికెళ్లి కంచాలు సర్దాను.

మర్నాడు జెండా కనపడింది. నిలబడి చూశాను. ఓడ లోపలికే వస్తోంది, అంటే ఈయన ఇంటికి వచ్చే వేళే. అయినా ఒక్క కంచం పెట్టుకుని తినేశాను.