కారుకు ఎక్కిళ్లు

పంక్చరు షాపు దగ్గర వేడి రబ్బరు వాసన వస్తే, మా నాయిన కిరాయికి నడిపిన పాత కారు గుర్తొస్తుంది. నిజాం పాలన పోయిన కొత్త. చెల్లెలు పుట్టి మూడో నెల. పుట్టింట్లో ఉన్న అమ్మను తీసుకురావడానికి నాయినా నేనూ సూర్యాపేట నుంచి మిర్యాలగూడ బయల్దేరాం.

ఇంజను కాసేపు బాగానే నడిచేది. గతుకు రాగానే ఉలిక్కిపడి గుక్క తప్పేది. నాయిన కారాపి బానెట్ ఎత్తాడు. ఇంజను ఆడుతుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి మళ్లీ పెడుతూ, చెవి పెట్టి విన్నాడు.

"దానికి ఎక్కిళ్లు నాయినా. ఎవరో యాది జేస్తున్నరు" అన్నాను. తలుచుకునేవాళ్ల పేరు చెబితే ఎక్కిళ్లు ఆగుతాయని మా నాయనమ్మ చెప్పేది. మామ పేరు చెప్పాను, అత్త పేరు చెప్పాను. ఆగలేదు.

"గీ వైరు తీసినా సప్పుడు మారుతలేదు. కరెంటు పోనిది గిదే!" అన్నాడు నాయిన. ఇంజను ఆపి, ఇనుముకు ఒరుసుకుని అరిగిన ఆ వైరుకు సైకిలు ట్యూబు ముక్క గట్టిగా చుట్టాడు.

"అయితే అమ్మనే యాది జేస్తున్నది. నువ్వు పేరు వెట్టి పిలువు" అన్నాను.

పెళ్లాం పేరు పలకడమంటే ఆ రోజుల్లో మగవాళ్లకు మహా సిగ్గు. మా ఇంట్లో నాయిన నోట అమ్మ పేరు "ఇగో" మాత్రమే. నాయిన రోడ్డుకు అటూ ఇటూ చూశాడు.

"జానకమ్మా" అన్నాడు మెల్లగా. కారు ముందుకెళ్లి, స్టార్టు చేసే హ్యాండిల్ తిప్పాడు.

మిర్యాలగూడ దాకా కారు ఎక్కడా గుక్క తప్పలేదు. అది అమ్మ పేరు మహిమేనని చాలా ఏళ్లు నమ్మాను.

ట్యూబు ముక్క చుట్టిన తర్వాతే నాయిన ఆ పేరు పలికాడు. అప్పటికి కారుకు ఆ పేరుతో పనిలేదు.