వెంకటరాముడు విప్పిన చక్రం

మా మండీ యజమాని హనుమంతరాయుడి కారు వస్తోందంటే, కారు కంటే ముందు దాని మూలుగు వినిపించేది. హిందూపురం బెల్లం బజారులో ఆ మూలుగుకు ఎడ్లు బెదిరి కాడి దించుకునేవి. నేను ఆ మండీలో గుమాస్తాను. ఆ కారు వెనక సీట్లో కూర్చుని చెవులు దిబ్బళ్లు వేయించుకున్నవాణ్ణి కనుక ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది.

అవి యుద్ధం రోజులు. పెట్రోలుకు కూపన్లు, మోటారు సామాన్లకు కరువు. కారు పదిహేనేళ్ల నాటిది. బెంగుళూరు నుంచి ఇద్దరు మెకానిక్కులు వచ్చి ఒకడు గేరుబాక్సన్నాడు, ఇంకొకడు ఇంజనన్నాడు. ఇద్దరూ కడుపునిండా తిని వెళ్లారు. మూలుగు అలాగే ఉంది. చివరికి స్టేషను రోడ్డులో రేకుల షెడ్డు పెట్టుకున్న వెంకటరాముణ్ణి పిలిచారు. అతను కారు ముందుభాగాన్ని జాకీ మీద లేపి, ఎడమ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. తర్వాత దాన్ని మెల్లగా తిప్పుతూ, ఇరుసు దగ్గర వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట పుట్టినవాడు. పోగులో చీమతలంత ముడి ఉన్నా ఆ వేళ్లకు తెలిసిపోతుంది.

"బేరింగు గుంతలు పడిండాది సామీ. ఇంజనుకు ఏం రోగం లేదు" అన్నాడు.

ఈ పనిలో అతనికి కారు కంటే పెద్ద సంగతి ఒకటి ఇమిడి ఉంది. నాలుగేళ్ల కింద మగ్గం వదిలి బెంగుళూరు పోయి మోటారు పని నేర్చుకున్నందుకు అతని తండ్రి కొండప్ప మండిపడుతున్నాడు. కొడుకు గుంతమగ్గంలోకి ఇంకెవరినీ దిగనివ్వకుండా ఖాళీగా ఉంచాడు. చివరికి ఒక మాట పెట్టాడు: "ఉగాది లోపల నువ్వు బాగుచేసిన బండెక్కి నా వాకిట్లోకి రా. వస్తివా, నీ దావ నీది. రాలేదా, నోరు మూసుకోని మగ్గంలో దిగు." వెంకటరాముడు సరేనన్నాడు. మా యజమాని కూతురి పెళ్లికి చీరలు కొనడానికి ధర్మవరమే పోవాలి. ఇంతకంటే మంచి అదను అతనికి మళ్లీ దొరకదు.

ఎప్పుడో బెంగుళూరులో సంపాదించి దాచుకున్న బేరింగు తీశాడు. చక్రం విప్పి, పాత బేరింగునూ అది కూర్చునే ఉక్కు కప్పునూ రెండింటినీ తట్టి తీసి, కొత్తవి కూర్చోబెట్టి గ్రీజు దట్టించాడు. నట్టును గట్టిగా బిగించి, మళ్లీ ఒక్క పన్ను వెనక్కి వదిలాడు. నట్టు కదలకుండా గుచ్చే పిన్ను ఊళ్లో దొరకలేదు. దాని బదులు రాగి తీగ దూర్చి పురి పెట్టాడు. పాత పడుగుకు కొత్త పోగులు అతికేటప్పుడు వాళ్లింట్లో ఎడమ పురి తిప్పుతారట. తీగకూ అదే పురి పడింది.

మరునాడు పొద్దున బయల్దేరాం. డ్రైవరు సుబ్బన్న, యజమాని, వెంకటరాముడు, నేను. కారు మూలగడం మానేసింది. యజమాని మీసం దువ్వుకుంటూ నాలుగు మైళ్లు పొగిడాడు. సోమందేపల్లి దాపుకు వచ్చేసరికి కాలిన వాసన. ఎడమ చక్రం నుంచి పొగ. వెంకటరాముడు కారు ఆపించాడు. అతను దిగి మూత తీసి చూసి, నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగాడు. తీగకు కుడి పురి ఉంది. నట్టును సుత్తితో కొడితే గాని కదల్లేదు. లోపలి బేరింగు కాలి నల్లబడింది.

నేను సుబ్బన్న వైపు చూశాను. అతను కాలి బొటనవేలితో నేల గీరుతున్నాడు. సుబ్బన్న పదేళ్లు ఎద్దుబండి తోలి, తర్వాత కారెక్కినవాడు. చక్రం కాస్త ఆడుతుంటే బండి నుంచి ఊడిపోతుందని భయపడి, తెల్లవారుజామున బిగించేశాడు. ఇంత జరిగినా వెంకటరాముడు సుబ్బన్న పేరెత్తలేదు.

"మగ్గం నేసేటోనికి మోటారు యాల రా? పో, పోయి చీరలు నెయ్యి!" అని యజమాని నడిరోడ్డు మీద అరిచాడు. కారును ఎడ్లు కట్టి వెనక్కి ఈడ్చుకొచ్చారు.

ఒళ్లు మండిపోయి ఆ సాయంత్రమే షెడ్డుకు వెళ్లి కడిగేశాను. "నిజం చెప్పడానికి ఏం జబ్బు నీకు?"

"చెప్తే సుబ్బన్న పని పోతాది. అదీగాక, చక్రం కొంచెం ఆడేట్టు యాల వదిల్నానో నేనాయప్పకు చెప్పల్యా. తోలేటోనికి చెప్పకుండా పోవడం నా తప్పే గదా" అన్నాడు.

మంచితనమో మొండితనమో నాకిప్పటికీ అంతు చిక్కలేదు. ధర్మవరానికి కబురు మాకంటే ముందే చేరిపోయింది. కొండప్ప తిరుగు కబురు పంపాడు: "మగ్గం గుంత చిమ్మి పెట్టినా. రమ్మనండి." ఉగాదికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

బేరింగు కోసం వెంకటరాముడు ఊరూరా అడిగాడు. అగళిలో ఈరక్క అనే ముసలామె పాకలో సరిగ్గా అలాంటి కారే ఒకటి మూలన పడి ఉందని తెలిసింది. సుబ్బన్నను వెంటబెట్టుకుని పోయాడు. ఆమె చెయ్యి అడ్డంగా ఊపి, "దుడ్లు వద్దప్పా. చక్రంలో ఏం గావల్నో తీసుకో. సీటు మాత్రం కదిలించొద్దు, కోడి పొదిగుండాది" అందట. లోపలి బేరింగు గట్టిపడిన పాత గ్రీజులో మునిగి, మచ్చ లేకుండా ఉంది.

యజమాని మళ్లీ ఒప్పుకున్నది వెంకటరాముడి మీద నమ్మకంతో అనుకునేరు. ఆయన భార్య బస్సెక్కనని భీష్మించుకుంది, అంతే.

ఈసారి వెంకటరాముడు పానాను సుబ్బన్న చేతిలో పెట్టాడు. "చక్రం తిప్పుతా బిగించన్నా. ఆఁ, చాలు. ఇప్పుడు ఒక పన్ను వెనక్కి."

సుబ్బన్న చక్రం ఊపి చూసి, "అల్లాడతాండాది గదప్పా" అన్నాడు.

"ఆడల్ల. ఉరికేకొద్దీ ఇనుము కాగి ఉబ్బుతాది. సందు లేకుంటే దాన్ని అదే నమిలేస్తాది."

"ఈ మాట ముందే చెప్పుంటే నేనెందుకు ముట్టుకుంటానబ్బా!"

"అందుకే గదన్నా ఇప్పుడు చెప్తాండా."

ఉగాది ముందురోజు యజమాని భార్యతో సహా బయల్దేరాం. సోమందేపల్లి దాటేదాకా అందరం కాలిన వాసన వస్తుందేమోనని ముక్కులు ఎగబీలుస్తూనే ఉన్నాం. పెనుకొండ కోట కింద ఆపి సుబ్బన్న చక్రం మధ్యన చెయ్యి పెట్టి చూసి, తల ఊపి మళ్లీ ఎక్కాడు. చెన్నేకొత్తపల్లి దాటాక యజమానికి గురక పట్టింది. ఆ కారులో గురక వినిపించడమే ఒక వింత. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ధర్మవరం నేతవీధిలోకి కారు చప్పుడు లేకుండా మళ్లింది. ఒక్కొక్క ఇంట్లో మగ్గం ఆగి మనుషులు వాకిళ్లలోకి వచ్చారు. కొండప్ప అరుగు దిగి వచ్చాడు. కొడుకు ముఖం చూడలేదు. నేరుగా ఎడమ చక్రం ముందు గొంతుకూర్చుని, ఇరుసు మూత మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు.

"సల్లగుండాది" అన్నాడు.

సుబ్బన్న ఇక ఆపుకోలేకపోయాడు. "పోయినసారి గూడా సల్లగుండేదే పెద్దాయనా! ఈయప్పకు తెలీకుండా నేనే నట్టు బిగిచ్చి కాల్చినా! అందరూ తిడతాంటే ఒక్కమాట నా పేరెత్తల్యా!" అని వీధి వీధంతా వినేలా అరిచాడు. ఆ రోజు సుబ్బన్న పని పీకేసే ధైర్యం మా యజమానికి రాలేదు.

కొండప్ప లేచి నిలబడ్డాడు. "నింద నువ్వు యాల మోసినావురా?"

"పని నాది నాయనా. నింద గూడా నాదే" అన్నాడు వెంకటరాముడు. నాకు కళ్లు నిండాయి, దాచుకోవడమెందుకు.

కొండప్ప ఎదురింటి అరుగు మీదున్న గంగన్నను కేకేశాడు. సొంత మగ్గం లేక ఇంటింటా కూలికి నేసే మనిషి గంగన్న.

"గంగన్నా, పండగెల్లినాక వచ్చి మా వాని మగ్గంలో దిగప్పా. వానికి దాంతో పనిలేదు. మా వాడు మోటారు మెకానిక్కు."