బండికి కట్టిన నిమ్మకాయ

ఎనభైలల్ల షార్జాల మా కంపెనీ పికప్ టైర్లు గుండు లెక్క నున్నగైనయ్. "అన్నా, ఈడ చలికాలమే వాన పడ్తది, బండి జారుతది, టైర్లు మార్పియ్యి" అని మొత్తుకున్న. డ్రైవరన్న బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి "ఇగ ఏం గాదు" అన్నడు.

తొలి వానకే రోలా బజారు మలుపుల బ్రేక్ కొడితే, బండి సర్రున జారి మా ముదీర్, అదే మేనేజర్ కారునే గుద్దింది. రెండు బండ్ల మూతులు పగిలినయ్, మాకేం గాలే. డ్రైవరన్న దిగి టైర్లు సూడలే, బంపర్ సూసిండు.

"నిమ్మకాయ ఏమైంది?"

బండి ఎనుక కూసున్న మా రూముల వంట చేసేటాయన గొణిగిండు: "నిన్న పప్పుల పిండిన."

అందరు ఆయన మీద పడ్డరు. సంగతి తెలిసి ముదీర్ సుత ఆయన్నే తిట్టిండు. "టైర్లురా నాయనా!" అని నేను గొంతు చించుకున్న. ఎవడింటడు?

తెల్లారి డ్రైవరన్న టైర్లు మార్పిచ్చిండనుకున్నరా? సంచెడు నిమ్మకాయలు తెచ్చిండు. సగం బండికి కట్టి, సగం వంటాయన చేతుల పెట్టిండు.

"ఇవి పప్పుకు. బండియి ముట్టకు."