ట్యాంకరు ముందు ధర్మసందేహం

ట్యాంకరు మద్దిలేటి ధర్మసందేహం తీరనిదే గొట్టం విప్పడు. చిలమత్తూరు దగ్గరి ఆ ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాక, పొద్దున ఏడింటికి అతను తెచ్చే నీళ్లే దిక్కు. బిందెలు పెట్టుకుని వరుసగా నిలబడ్డ ఆడవాళ్లను తాపీగా కలయజూసి ఆ రోజు ప్రశ్న వేస్తాడు.

"అబద్ధమాడి ఒక ప్రాణం కాపాడితే అది తప్పా, ఒప్పా?"

"ఒప్పే! విప్పప్పా!"

"అట్లయితే దినామూ అబద్ధమాడొచ్చా?"

దాంతో వరుస రెండుగా చీలిపోతుంది. ఒకసారి "భయపడి చేసిన మంచి, మంచేనా?" అన్న ప్రశ్న మీద ఒక ఇంట్లో అత్తాకోడళ్లు వారం రోజులు మాట్లాడుకోలేదు.

ఈ చర్చలంటే నాగలక్ష్మమ్మకు ఒళ్లు మంట. ఏడున్నరకు గార్మెంట్స్ ఫ్యాక్టరీ ఆటో వస్తుంది. అది తప్పితే గేటు వేసేస్తారు, ఆ రోజు పని లేనట్టే. ఈ నెలలో అప్పుడే రెండు రోజులు పోయాయి. "ఈయప్పను ఏ మఠంలోనో కూచోబెట్టాల్సింది, ట్యాంకరు యాల ఇచ్చినారో!" అని రుసరుసలాడేది.

ఆ రోజు మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు. "దొంగిలించిన మేకను కోసి ఊరందరికీ భోజనం పెడితే పుణ్యం ఎవురికి?"

"మేకకు!" అంది నాగలక్ష్మమ్మ ఠక్కున. "పానం పోయింది దానిదే కదా!"

వరుసంతా విరగబడి నవ్వి ఒప్పేసుకుంది. ఇంత తొందరగా తేలిపోవడం అదే మొదలు. మద్దిలేటి "ఇంగొకటి..." అన్నాడు గానీ ఇంకొకటి దొరకలేదు. చెయ్యి గొట్టం మీదే ఉంది, చూపు మాత్రం సందు చివరికి పోయింది.

నాగలక్ష్మమ్మ కూడా అటు చూసింది. మోకాళ్ల నొప్పుల మేరాజ్ బీ గోడ పట్టుకుని, ఖాళీ బిందెతో వస్తోంది. గొట్టం విప్పేసరికి వరుసలో లేనివాళ్లకు నీళ్లు లేవన్నది అక్కడి కట్టుబాటు. పోనీ సాయం చేద్దామంటే ఆమె ఒప్పదు. మొన్న ఎవరో బిందె అందుకోబోతే "నాకు కాళ్లు లేవా?" అని తిట్టిపోసింది. ఆమె వచ్చి నిలబడేదాకా ఏ రోజూ ప్రశ్న తేలలేదని నాగలక్ష్మమ్మకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

"ఆగన్నా," అంది గట్టిగా. "పుణ్యం మేకకు పోతే, మరి తిన్నోళ్లకు పాపమా? అది తేలలే!"

"అది దొంగమేక అని తిన్నోళ్లకేం తెలుసు?" అని వెనకనుంచి రామసుబ్బమ్మ ఎగిరింది. గొడవ మళ్లీ మొదలైంది. మద్దిలేటికి ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో ఆటో వచ్చి ఆగింది. "అక్కా, టైమయిపాయ! వస్తావా, రావా?" అని డ్రైవరు షరీఫ్ హారన్ మీద హారన్ కొట్టాడు.

"ఉండప్పా షరీఫూ!" అని నాగలక్ష్మమ్మే కసిరింది. "ఈడ ధర్మం తేలకుండా యాడికి వచ్చేది?"