మైకు గొంతు

సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులూ, చేతుల్లోకి కొత్త సెల్‌ఫోన్లూ వచ్చిన రోజులు. సికింద్రాబాద్ నుంచి బొల్లారం వెళ్లే బస్సులో సగం మందికి ఒకే మెసేజ్ వచ్చింది: "నగరంలో నీళ్లలో విషం కలిసింది. వెంటనే పదిమందికి పంపండి." ముందు సీటావిడ, పాప దాహమని ఏడుస్తున్నా, సీసాలో నీళ్లు కిటికీలోంచి పారబోసింది. నేను ఆఫీసువాళ్లకి పంపబోతున్నాను.

"జెర ఇటియ్యి బిడ్డా," అంటూ పక్కనున్న పెద్దాయన నా ఫోన్ తీసుకుని లేచి నిలబడ్డాడు. సినిమా ప్రచారం చేసే రిక్షాలో మైకు పట్టుకున్నవాడిలా గొంతు సాగదీశాడు.

"నీళ్లల్లో విషం! నేడే పంపండి! ఆలసించిన ఆశాభంగం!"

బస్సంతా నవ్వింది. ఆవిడ కూడా.

"వయసుల ఉన్నప్పుడు గా రిక్షాల తిరిగినోన్ని. సిన్మా ఎట్లుందో మాకు సుత తెల్వకపోయేది. జనాన్ని తొందరపెట్టుడే మా పని. గిండ్ల సుత తొందరే ఉంది. ఎవరు చెప్పిన్రు, ఏ బస్తీ నీళ్లు, గదేం లేదు."

తన సీసాలోంచి ముందు తానో గుక్క తాగి, పాపకి అందించాడు.

ఆయన పేరు అడగలేదు. ఆ రిక్షాలూ ఎప్పుడో మాయమయ్యాయి. ఇప్పటికీ ఫోన్లో "వెంటనే అందరికీ పంపండి" అని కనిపిస్తే ఆ గొంతుతో పైకి చదువుతాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నా బొటనవేలు ఆగిపోతుంది.