రెండు చేపల అగ్గిపెట్టె

నేను చదివింది ఐదో తరగతి వరకే. తప్పులూ వంకర అక్షరాలూ మన్నించి చదవండి. మా అత్త పోయిన ఆదివారం తెల్లవారేసరికి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. నిద్రలోనే పోయింది. అగ్గిపెట్టె బొమ్మల గ్రూపులో ఆమెతో బొమ్మలు మార్చుకున్న మీ అందరికీ ఈ ఉత్తరాలు రాస్తున్నాను. మీరు మా ముఖాలు ఎప్పుడూ చూడలేదు. ఫోటోల్లో కనిపించే బొటనవేలు ఆమెది. వినిపించే గొంతు నాది.

అత్త వాకాడు పక్క పల్లెల్లో గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మింది. మోకాళ్ళు పట్టేశాక ఇంట్లో కూర్చుంది, బొమ్మలు మొదలుపెట్టింది. మొదలుపెట్టింది అనకూడదు, మళ్ళీ మొదలుపెట్టింది. చిన్నప్పుడు వాళ్ళ నాయన వేట నుంచి వచ్చి బీడీ ముట్టించుకుని, ఖాళీ పెట్టె ఆమెకు విసిరేవాడట. ఆమె దాన్ని పళ్ళెం నీళ్ళలో నానబెట్టి, బొమ్మ ఊడదీసి, గంజితో గోడకు అంటించేది. ఒక తుఫానుకు ఆ గోడే పోయింది. ఎర్రటి రంగు మీద ఎదురెదురుగా రెండు చేపలున్న బొమ్మ ఒక్కటి మళ్ళీ దొరికితే చాలు అనేది. మా ఆయన ఫోను కొని గ్రూపులో చేర్చింది అందుకే.

గ్రూపులో ఒక అన్న తన దగ్గర ఆ రెండు చేపల బొమ్మ ఉందని, బదులుగా మూడు బొమ్మలు కావాలని అడిగాడు. అత్త నెమలి, లాంతరు, ఓడ తీసి ఇచ్చింది. మూడూ మా దగ్గరున్న వాటిలో మంచివి. మొప్ప ఎత్తి చూడకుండా ఒక్క చేప కూడా కొనని మనిషి, ఆ రెండు చేపలు కనబడేసరికి పాత గంజి మరక ఉందో లేదో తెలిసే వెనక వైపు ఫోటో అడగడమే మరిచిపోయింది.

కవరు వచ్చింది. చాలాసేపు మురిసిపోయి, అలవాటు కొద్దీ బొటనవేలు తడి చేసి అంచు మీద రుద్దింది. వేలంతా ఎర్రగా అయింది. అసలు పాత బొమ్మ నీళ్ళలో నానినా రంగు వదలదు.

"ఇవి రంగు పూసిన చేపలు, అమ్మే," అంది. వేలు చీరకు తుడుచుకుని నవ్వింది.

మా ఆయనకు కోపం వచ్చింది. "నాలుగు తిట్టి, ఆ గ్రూపులోంచి బయటికి రామ్మా," అన్నాడు.

"తిడితే నా నోరు నొస్తాది. ముందు ఆయన్నొక్కణ్ణే అడుగుదాం, తెలీక చేసినాడేమో. పలక్కపోతే గంప తిరగేద్దాం."

రేవులో ఆమె పద్ధతి అదే. పైన మంచి చేపలు, అడుగున పాచి చేపలు పెట్టి ఎవరైనా గంప అంటగడితే, మర్నాడు అదే పడవ ముందుకు తీసుకుపోయి అందరూ చూస్తుండగా ఇసకలో బోర్లించేది. ఒక్క మాట అనేది కాదు. నిలబడి చూసేదంతే.

విడిగా అడిగితే ఆ అన్న పలకలేదు. గ్రూపులో చెప్పాల్సి వచ్చింది.

"నువ్వే మాట్లాడు అత్తా. నాకు సిగ్గు."

"ఇది రేవులో నేర్చిన నోరు, అమ్మే, తెరిస్తే తిట్లే వస్తాయి. నీకు తిట్లు రావు గదా. నువ్వే చెప్పు."

చెప్పాను. మొదటిసారి ఫోనులో మీట నొక్కడం మరిచాను, రెండోసారి మధ్యలో కోడి కూసింది. చివరికి మీరు విన్నది ఇది: "అన్నా, వందనం. మీరు పంపిన చేపలు తడి తగిలితే రంగు పోయినాయి. మా అత్త వేలు ఫోటో పెట్టినా. వెనక వైపు కూడా పెట్టినా. మా మూడు బొమ్మలు మీ కాడ ఉండాయి. అంతేనన్నా."

ఆ సాయంత్రమే అతను ఫోన్ చేశాడు. "అక్కా, నేనూ అసలుదనుకునే వేరేవాళ్ళ దగ్గర తీసుకున్నాను. సిగ్గేసి జవాబు ఇవ్వలేకపోయాను," అన్నాడు. మూడు బొమ్మలూ తిరిగొచ్చాయి.

"పాపం ఆ అబ్బయ్య కూడా అడుగు చూడకుండా గంప కొన్నాడు," అని అత్త ఓడ బొమ్మ అతనికే ఊరికే పంపించేసింది. ఇప్పుడు గ్రూపులో ఎవరు ఏది పెట్టినా "వెనక చూపించండి, వేలు చూపించండి" అని మీరంతా అడుగుతారు కదా, అది మా వసారాలో పుట్టిన మాటే. అది చదివి వినిపించినప్పుడల్లా ఆమె పొంగిపోయేది.

వానలు తగ్గాక అదే అన్న నుంచి ఇంకో కవరు వచ్చింది. మూల చిరిగిన ఎర్ర బొమ్మ, రెండు చేపలు. బదులుగా ఏమీ అడగలేదు. అత్త ముందు తిప్పి వెనక చూసింది. పాత గంజి మరక ఉంది. వేలు తడి చేసి రుద్ది నాకు చూపించింది. వేలు శుభ్రంగా ఉంది.

"మా నాయన ఇప్పుడే పడవ దిగినట్టుండాదమ్మే," అంది, పళ్ళు లేని నోటితో నవ్వుతూ.

దాన్ని శవపెట్టెలో ఆమెతోపాటు పంపుదామని మా ఆయన అన్నాడు. నేనే వద్దన్నాను. చెమ్మకు పాడైపోతుందని ఆమె ముందే చెప్పింది. గంజి కాచి, ఆమె మంచం పక్క గోడకు అంటించాను.

ఈ కవరులో ఆమె బొమ్మల్లోంచి ఒకటి మీకోసం పెట్టాను. అది దాచుకోండి. ఉత్తరం మాత్రం చదివాక కాల్చేయండి, నా రాత ఇంకెవరూ చూడకూడదు. పుల్ల గీసే ముందు ఒక్కసారి ఆ అగ్గిపెట్టెను వెనక్కి తిప్పి చూడండి. అదే మా అత్త చేతిలో ఉంటే, వేలు తడి చేసుకుని మరీ చూసేది.